ఇంట్లో బాగుచేసుకోవడానికి ఏ పాత క్యాంపర్ వ్యాన్ తగినది?

పాత క్యాంపర్ వ్యాన్‌ను, అంటే పడక, వంట వసతి ఉన్న వ్యాన్‌ను, కొని ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలని నిశ్చయించుకున్నవారు సాధారణంగా మొదట ఇంజను గురించి విచారిస్తారు. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, పొగ ఏ రంగులో వస్తోంది, గేర్లు సాఫీగా పడుతున్నాయా అని అడుగుతారు. ఇవి అడగవలసినవే గాని, మొదట అడగవలసినవి మాత్రం కావు. ఇంజను విప్పితే బయటికి వస్తుంది. దాన్ని బల్ల మీద పెట్టుకొని తీరికగా బాగుచేయవచ్చు, మరీ పాడైతే అదే రకం మరొకటి తెచ్చి బిగించవచ్చు. బాడీ విషయంలో ఆ వెసులుబాటు లేదు. తుప్పు పట్టిన రేకునైనా, కుళ్లిన చట్రాన్నైనా ఉన్నచోటనే కోసి, ఉన్నచోటనే కొత్తది అతకాలి. ఎంత కోయవలసి వస్తుందో కోయడం మొదలుపెట్టేదాకా పూర్తిగా తెలియదు. అందువల్ల ఈ పోలికలో నేను ఒక్కో రకాన్ని ఒకే ప్రశ్నతో పరీక్షిస్తాను: వయసు మీద పడ్డప్పుడు ఆ వ్యాన్‌కు జబ్బు ఎక్కడ మొదలవుతుంది, ఆ చోటు ఇంట్లో పనిచేసుకునే మనిషి కంటికి కనిపించి చేతికి అందుతుందా?

నేను పోల్చేవి నాలుగు: గాలితో చల్లబడే ఇంజనున్న రెండో తరం ఫోక్స్‌వ్యాగన్, దాని తర్వాత వచ్చిన మూడో తరం, మెర్సిడెస్ 207డి కుటుంబం, కలప చట్రం మీద అల్యూమినియం రేకు తొడిగి కట్టిన మోటార్‌హోములు.

రెండో తరం ఫోక్స్‌వ్యాగన్

ఫోక్స్‌వ్యాగన్ ఈ తరహా వ్యాన్ల తయారీని 1950లో ప్రారంభించింది. ముందు అద్దం రెండు పలకలుగా కాక ఒకే వంపు అద్దంగా మారిన రెండో తరం 1967లో మొదలై జర్మనీలో 1979 వరకు, బ్రెజిల్‌లో 2013 చివరి వరకు తయారైంది. ఇంతకాలం తయారైన వాహనం కావడం, ప్రపంచమంతటా దానికి అభిమానులుండడం వల్ల, నేటికీ దీనికి దొరికినన్ని విడిభాగాలు మరే పాత క్యాంపర్‌కూ దొరకవు. అద్దాల రబ్బర్ల దగ్గర నుంచి నేల రేకుల దాకా కొత్తగా తయారై వస్తున్నాయి. ఇంట్లో పనిచేసేవారికి ఇది చిన్న విషయం కాదు. ఒక్క రబ్బరు దొరక్క నెలల తరబడి ఆగిపోయిన బండి మీద ఆసక్తి నిలబెట్టుకోవడం కష్టం.

దీని చిన్న ఇంజను, అంటే 1600 సిసి తరగతిది, నేర్చుకునేవారికి ఉత్తమ గురువు. రేడియేటర్ లేదు, ఇంజనును చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, పారే గొట్టాలు లేవు. ఆయిల్ పట్టేది రెండున్నర లీటర్లే. కాగితపు ఫిల్టర్ ఉండదు, జల్లెడ మాత్రమే ఉంటుంది. అందుకే ఆయిల్‌ను సుమారు 5,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చాలి, ఆ సమయంలోనే ఇంజను పూర్తిగా చల్లారి ఉండగా ట్యాపెట్ల సందు, అంటే వాల్వులకూ వాటిని నొక్కే మీటలకూ మధ్య ఖాళీ, 0.15 మిల్లీమీటర్లు ఉందో లేదో చూసుకోవాలి. ఈ పనిని శ్రద్ధగా చేసే యజమాని దగ్గర ఈ ఇంజను చాలాకాలం బతుకుతుంది, వాయిదా వేసే యజమాని దగ్గర వాల్వు కాలి చస్తుంది. 1972 నుంచి కొన్నింటికి 1.7 లీటర్ల పెద్ద ఇంజను వచ్చి, తర్వాత అది 2.0 లీటర్ల వరకు పెరిగింది. ఎత్తులు ఎక్కేటప్పుడు దాని బలం స్పష్టంగా తెలుస్తుంది, ఆయిల్ ఫిల్టర్ కూడా ఉంటుంది, కానీ దాని భాగాలు చిన్న ఇంజనువంత తేలికగా దొరకవు. మొదటిసారి పూనుకునేవారికి నేను చిన్న ఇంజనునే సూచిస్తాను.

రెండు విషయాల్లో మాత్రం ఎంతమాత్రం అలసత్వం పనికిరాదు. ఇంజను గదిలోని పెట్రోలు గొట్టాలు వయసుకు గట్టిపడి పగుళ్లు తీస్తాయి. ఆ కారే పెట్రోలు వేడి ఇంజను మీద పడి ఎన్నో వ్యాన్లు తగలబడ్డాయి. కొన్న వెంటనే, మరే పనీ ముట్టుకోకముందే, ఆ గొట్టాలన్నీ మార్చాలి. రెండోది, ఇంజను చుట్టూ ఉండే రేకులు, గది అంచున ఉండే రబ్బరు పట్టీ. కింది వేడి గాలి పైకి రాకుండా ఆపేవి అవే. అవి లేకుండా బండి నడిపితే ఫ్యాను తాను వదిలిన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది, చల్లబరచడం అనే పనే జరగదు.

ఇక తుప్పు. ఇది బ్యాటరీ పెట్టే తట్టలో, జాకీ పెట్టే చోట్ల, చక్రాల తోరణాల అంచుల్లో, ముందు రేకు అడుగున, అన్నిటికంటే ముఖ్యంగా తలుపుల కింద పొడవునా ఉండే సిల్లులలో మొదలవుతుంది. సిల్లు ఒకే రేకు కాదు. బయటి, మధ్య, లోపలి పొరలుగా ఉంటుంది. బయటి పొరలో వేలంత రంధ్రం కనిపిస్తే లోపలి పొరలు అంతకంటే బాగుంటాయని ఆశించకూడదు. అయినా ఈ చోట్లన్నీ బండి కింద పడుకుంటే కనిపించేవే, గ్రైండర్ అందేవే. ఇదే ఈ వ్యాన్‌కున్న గొప్ప అనుకూలత. ప్రతికూలత దాని ఆదరణలోనే ఉంది: మెరిసే రంగు కింద లప్పం దట్టంగా పూసి, బాగుచేసిన బండి ధరకు అమ్మేవి చాలా తిరుగుతుంటాయి. రంగు వేయనిది, తుప్పు దాచుకోనిది దొరికితే అదే మేలు.

మూడో తరం ఫోక్స్‌వ్యాగన్

1979లో వచ్చిన మూడో తరం లోపల విశాలమైనది, రోడ్డు మీద స్థిరమైనది, నివసించడానికి నిజంగా అనువైనది. ఐరోపాలో దీని ప్రధాన ఉత్పత్తి 1990లో ముగిసింది. నాలుగు చక్రాలకూ శక్తి అందే సింక్రో రకం ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో 1992 వరకు, దక్షిణాఫ్రికాలో తయారైన బళ్లు 2002 వరకు వచ్చాయి. ప్రయాణించేవారిగా చూస్తే ఈ నాలుగింటిలో నేను దీన్నే కోరుకుంటాను. బాగుచేసేవారిగా చూస్తే మాత్రం ఇది మొదటి బండి కాదు.

కారణం ఇంజను ఒక్కటే కాదు గాని, అక్కడి నుంచే మొదలుపెడతాను. 1982 చివర వచ్చిన 1.9 లీటర్ల పెట్రోలు ఇంజను నీటితో చల్లబడుతుంది. సిలిండర్లను మూసే హెడ్డుకూ ఇంజను బ్లాకుకూ మధ్య నీటిని ఆపేది ఒక రబ్బరు పట్టీ. సరైన కూలెంట్ వాడకపోయినా, ఏళ్ల తరబడి మార్చకపోయినా, ఆ పట్టీ కూర్చునే అల్యూమినియం అంచు తినేసినట్టు గుంతలు పడుతుంది, అప్పుడు నీరు కారుతుంది. రేడియేటర్ ముందు, ఇంజను వెనుక ఉండడం వల్ల గొట్టాలు వ్యాన్ పొడవునా నేల కింద సాగుతాయి. వ్యవస్థ మొత్తంలో పట్టే కూలెంట్ పదహారు లీటర్లకు పైమాటే. కూలెంట్ మార్చిన ప్రతిసారీ ముందు భాగాన్ని పైకెత్తి, గాలి పూర్తిగా పోయేదాకా ఓపిగ్గా బయటికి తీయాలి. గాలి బుడగ మిగిలిపోతే హెడ్డు వేడెక్కడానికి అదొక్కటే చాలు. ఇవన్నీ ఇంట్లో చేసుకోదగిన పనులే, కానీ తొందరపాటు మనిషికి తగినవి కావు. 1.6 లీటర్ల డీజిల్ రకాలు కూడా ఉన్నాయి. వాటికి ఈ హెడ్డు పట్టీ జబ్బు లేదు, అయితే టర్బో లేని డీజిల్ ఇంజను నిండు సామానుతో ఉన్న ఈ వ్యాన్‌ను చాలా నెమ్మదిగా లాగుతుంది.

అసలు కష్టం రేకులు కలిసే కీళ్లలో ఉంది. కర్మాగారంలో ఆ కీళ్ల మధ్య సీలెంట్ నింపారు. ఏళ్లు గడిచేసరికి అది కుంచించుకుపోయి సన్నని చీలిక ఏర్పడుతుంది, అందులో నీరు నిలుస్తుంది, తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. బయట రంగు కొద్దిగా ఉబ్బినట్టు కనిపించేనాటికి లోపల పని చాలా దూరం పోయి ఉంటుంది. పైగా వంట అర, బట్టల అర ఆ కీళ్లకు ఆనుకునే ఉంటాయి. వాటిని పూర్తిగా విప్పకుండా వెనుక ఏముందో చూడలేం, చూడకుండా వెల్డింగ్ చేస్తే వెనుక ఉన్న ఇన్సులేషన్ అంటుకుంటుంది. కాబట్టి దీన్ని కొనేవారు లోపలి సామగ్రి మొత్తాన్ని విప్పి, గుర్తులు రాసి, పొడి గదిలో భద్రపరిచే స్థలం ఉంటేనే ముందుకు సాగాలి. సీలెంట్‌ను గీకి, తుప్పును తీసి, కొత్త ప్రైమరు పట్టించి, మళ్లీ సీలెంట్ నింపే ఈ పని వారాలకు వారాలు పడుతుంది. ఒకసారి సక్రమంగా జరిగిన వ్యాన్‌ను చూసిన తృప్తి వేరు. కర్మాగారం చేసినదానికంటే మెరుగైన కీలు మన చేతి మీదుగా తయారైందని తెలిసే అరుదైన సందర్భం అది.

మెర్సిడెస్ 207డి కుటుంబం

1977 నుంచి 1995 వరకు తయారైన ఈ వ్యాన్ల పేరులోనే వివరం ఉంది: మొదటి అంకె బరువు తరగతిని, చివరి రెండు అంకెలు సుమారుగా పది హార్స్‌పవర్ల లెక్కన ఇంజను శక్తిని తెలుపుతాయి. కాబట్టి 207డి అంటే రెండున్నర టన్నుల పైచిలుకు బండి, సుమారు డెబ్బై హార్స్‌పవర్. భారతదేశంలో టెంపో ట్రావెలర్‌గా 1987లో వచ్చిన వాహనానికి మూలం ఈ రూపమే. దీన్ని వేగం కోసం కొనకూడదు. ఎత్తు ఎక్కేటప్పుడు వెనుక బండ్లు వరుస కడతాయి. కానీ తొలినాటి 2.4 లీటర్ల డీజిల్ ఇంజను ఎలక్ట్రానిక్ నియంత్రణ ఏదీ లేకుండా, పూర్తిగా యాంత్రికంగా నడిచేది. వాల్వులను సరైన వేళకు తెరిపించే టైమింగ్‌కు బెల్టు కాక గొలుసు ఉంటుంది. గాలి, డీజిల్, స్టార్టు కావడానికి గ్లో ప్లగ్గుల వేడి, ఈ మూడూ అందితే నడుస్తుంది. నడవకపోతే ఆ మూడింటిలో ఏది అందడం లేదో ఒక మల్టీమీటరు, రెండు పానాలతో వెతుక్కోవచ్చు. ఇంజను సగభాగం ముందు మూత కింద, మిగతా భాగం రెండు సీట్ల మధ్య ఉన్న తొడుగు కింద ఉంటుంది గనుక వర్షంలో కూడా లోపల కూర్చొని పనిచేయవచ్చు.

తుప్పు దీనికీ తక్కువేమీ కాదు. ముందు అద్దం చుట్టూ ఉన్న చట్రం, పైకప్పు అంచు కాలువ, చక్రాల తోరణాలు, ఎక్కే మెట్ల గుంతలు, తలుపుల అడుగు భాగాలు మొదట పోతాయి. వీటిలో అద్దం చట్రం ఒక్కటే నిజంగా కఠినమైనది, ఎందుకంటే అక్కడి వంపులు రెండు దిశల్లో తిరుగుతాయి, పైగా అద్దం తీసి మళ్లీ కూర్చోబెట్టాలి. మిగిలినవి చాలావరకు చదునైన పెద్ద రేకులు. చదును రేకును కత్తిరించి, మడిచి, ముక్కను ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. ఫోక్స్‌వ్యాగన్‌కు దొరికినన్ని రెడీమేడ్ ముక్కలు దీనికి దొరకవన్న లోటును అది చాలావరకు తీరుస్తుంది. పొడవైన రకంలో, ఎత్తైన పైకప్పుతో, నిలబడి వంట చేసుకునే చోటు ఉంటుంది. ధరలో ఆదరణకు సంబంధించిన అదనపు భారం తక్కువ. వెల్డింగ్ నేర్చుకోవాలనే పట్టుదల ఉన్న మనిషికి నా దృష్టిలో ఇదే అన్నిటికంటే న్యాయమైన ఎంపిక.

కలప చట్రం మీద కట్టినవి

వీటి ముందు భాగం ఏదో ఒక వ్యాన్‌దే, తరచుగా ఫియట్ డుకాటోదో ఫోర్డ్ ట్రాన్సిట్‌దో. వెనుక గది మాత్రం కలప పట్టీల చట్రం, మధ్య ఫోమ్ ఇన్సులేషన్, బయట పలుచని అల్యూమినియం రేకు. ఇక్కడ శత్రువు తుప్పు కాదు, తేమ. మూలల్లోని పట్టీల స్క్రూల వెంట, కిటికీల అంచుల వెంట, పైకప్పు గవాక్షం చుట్టూ నీరు లోపలికి దిగి, బయటికి పోయే దారి లేక కలపలో నిలుస్తుంది. బయట రేకు నిగనిగలాడుతూ ఉండగానే లోపలి చట్రం చేత్తో చిదిమితే రాలిపోయే స్థితికి చేరుతుంది.

అందువల్ల తేమ మీటరు లేకుండా వీటిని చూడబోవడం వృథా. రీడింగు 15 శాతం లోపు ఉంటే నిశ్చింత. 20 దాటితే ఎక్కడి నుంచో నీరు వస్తున్నట్టే. 30 దాటితే కలప అప్పటికే దెబ్బతిని ఉంటుందని భావించి బేరం ఆడాలి, లేదా వదిలేయాలి. మరమ్మతు అంటే లోపలి ప్లైవుడ్ విప్పడం, కుళ్లినది కోసి తీయడం, మిగిలినది ఆరేదాకా ఆగడం, కొత్త పట్టీలు అతికించడం, ఆపై బయటి పట్టీలన్నీ తీసి గట్టిపడని బ్యూటైల్ సీలెంట్‌తో మళ్లీ బిగించడం. సిలికాన్ వాడకూడదు, అది ఊడినప్పుడు దాని మీద మరేదీ అంటుకోదు. ఈ పనికి నిప్పు అవసరం లేదు, వడ్రంగం వచ్చినవారికి హాయిగా సాగుతుంది. కానీ ఒక షరతు ఉంది: మొత్తం వాహనం పట్టే పైకప్పు కావాలి. గోడ విప్పి ఉండగా ఒక్క వర్షం పడితే చేసిన పనంతా మళ్లీ మొదటికి వస్తుంది. కప్పున్న స్థలం లేనివారు ఈ రకాన్ని ఆలోచనలోంచి తీసివేయడమే మంచిది.

వీటికంటే కొత్తవి, అంటే 1990లో వచ్చిన నాలుగో తరం ఫోక్స్‌వ్యాగన్, 1995లో వచ్చిన మెర్సిడెస్ స్ప్రింటర్ వంటివి, రోజూ నడపడానికి మెరుగైనవే. అయితే ఏళ్లు గడిచేకొద్దీ వీటిలో సెన్సార్లు, కంప్యూటరు పాత్ర పెరిగింది. లోపాన్ని కనిపెట్టడానికి చేయి, చెవి సరిపోవు. అటువంటి పని మీద ఇష్టం ఉన్నవారికి తప్ప నేను వీటిని సూచించను.

వెల్డింగ్ నేర్చుకోవాలా, చేయించుకోవాలా

మొదటి మూడు రకాల్లో ఏది తీసుకున్నా ఈ ప్రశ్న తప్పదు. మిగతా పనులన్నీ చేసుకొని వెల్డింగ్ ఒక్కటీ బయట చేయిద్దామనే ఆలోచన వినడానికి బాగుంటుంది, కానీ తుప్పు పని ఒకేసారి తేలేది కాదు. ప్రతి కొత్త కోతకూ బండిని తరలించడం సాధ్యం కాదు. అందువల్ల చేయించుకోవడం కంటే నేర్చుకోవడానికే నా మొగ్గు. వ్యాన్ల రేకు సాధారణంగా 0.8 నుంచి 1.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దానికి 0.6 మిల్లీమీటర్ల తీగ, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్‌ల మిశ్రమంతో నడిచే చిన్న మిగ్ యంత్రం, అంటే తీగను తానే అందిస్తూ వెల్డు చేసేది, సరిపోతుంది. గ్యాసు అక్కర్లేని తీగతో నడిచే యంత్రం చౌక, ఆరుబయట గాలిలోనూ పనిచేస్తుంది, కానీ పలుచని రేకును అది తేలికగా కాల్చి రంధ్రం చేస్తుంది. గ్యాసుదే తీసుకోండి.

పద్ధతిలో ముఖ్యమైనది గీతలా లాగకపోవడం. దూరదూరంగా చుక్కలు పెడుతూ, మధ్యలో చల్లారనిస్తూ, ఆ చుక్కల మధ్య ఖాళీలు నింపుకుంటూ రావాలి, లేకపోతే రేకు వేడికి వంకరపోతుంది. పాత రేకు మీద కొత్త ముక్కను కప్పి వెల్డు చేయడం తేలిక, కానీ ఆ రెండు పొరల మధ్య నీరు నిలిచి తుప్పు మళ్లీ పుడుతుంది; అంచుకు అంచు కలిపే పద్ధతి కష్టమైనా, కనిపించే చోట్లలో దానినే ఎంచుకోవాలి. జిగురుతో అతికించడం తలుపు బయటి రేకు వంటివాటికి సరే, సిల్లులకు, జాకీ చోట్లకు, సీటుబెల్టు బిగించే చోట్లకు ఎంతమాత్రం పనికిరాదు. అక్కడ లప్పం పూయడమంటే ప్రయాణించేవారి ప్రాణాలతో ఆడుకోవడమే.

మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ తీగలు కూడా. పెట్రోలు ట్యాంకు దగ్గర పని అయితే ట్యాంకు దించాలి, వంటగ్యాసు సిలిండర్ బయట పెట్టాలి. లోపలి వైపు ఒక మనిషి మంటలార్పే సిలిండర్‌తో నిలబడి చూస్తూ ఉండాలి. పని ముగిశాక గంటసేపటికి మరొకసారి వచ్చి లోపల చేయి పెట్టి చూడాలి. జింకు పూత ఉన్న రేకును వెల్డు చేసేముందు పూత గీకేయాలి, ఆ పొగ ఊపిరితిత్తులకు హానికరం. రంగు ఆరిన తర్వాత మూసిన గుల్లల్లోకి మైనం చిమ్మడం మరచిపోతే రెండేళ్లలో చేసిన చోటే మళ్లీ చేయవలసి వస్తుంది.

ఫ్రిజ్, బ్యాటరీ, వంటగ్యాసు

లోపలి విషయాలకు వస్తే, పాత క్యాంపర్లలో తరచుగా ఉండే అబ్సార్‌ప్షన్ ఫ్రిజ్, అంటే కంప్రెసర్ లేకుండా వేడితోనే చల్లబరిచేది, గ్యాసు మీద నిశ్శబ్దంగా, కరెంటు లేకుండా పనిచేస్తుంది, కానీ బండి దాదాపు సమతలంగా నిలబడి ఉండాలి, ఎండాకాలంలో దాని చల్లదనం తగ్గుతుంది. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌కు వాలుతో, ఎండతో అంత ఇబ్బంది లేదు. దానికి మంచి బ్యాటరీ కావాలి. ఎక్కువ రోజులు ఒకేచోట ఆగేవారు పాతదాన్ని బాగుచేసుకోవచ్చు, తిరుగుతూ ఉండేవారికి కంప్రెసరే మేలు. బ్యాటరీల్లో లెడ్ రకాన్ని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం ఎక్కువ ఇస్తుంది, బరువు తక్కువ, అయితే సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో దాన్ని చార్జి చేయకూడదు, పాత ఆల్టర్నేటర్‌కు నేరుగా కలపకుండా మధ్యలో తగిన చార్జర్ పెట్టాలి. వంటగ్యాసు గొట్టాల పని మాత్రం అర్హత ఉన్న మనిషికే అప్పగించాలి. ఆ గ్యాసు గాలికంటే బరువైనది. కారితే నేల మీద పరుచుకొని నిలుస్తుంది, అందుకే నేలలో ఉండే గాలి రంధ్రాలను చలి కోసమని మూసేయకూడదు.

ఎవరికి ఏది

పానా పట్టడం ఇప్పుడే నేర్చుకుంటున్నవారు, ఇద్దరు మనుషుల ప్రయాణాలకు సరిపడే బండి చాలనుకునేవారు, చిన్న ఇంజనున్న రెండో తరం ఫోక్స్‌వ్యాగన్ తీసుకోవాలి, అదీ రంగు వెలిసినది. వెల్డింగ్ మీద మక్కువ, పెద్ద స్థలం, నిదానంగా వెళ్లే ఓర్పు ఉన్నవారికి 207డి. వడ్రంగం వచ్చి, కప్పున్న షెడ్డు ఉన్నవారికి కలప చట్రపు మోటార్‌హోము, కుటుంబంతో వెళ్లేవారికి మరీ అనుకూలం. ఇప్పటికే ఒక బండిని పూర్తిచేసి రోడ్డు మీదికి తెచ్చినవారు మాత్రమే మూడో తరం ఫోక్స్‌వ్యాగన్‌కు వెళ్లాలి. ఏది కొన్నా బ్రేకులు, టైర్లు మొదట. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక రెండేళ్లకోసారి మార్చాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి, అరగని టైరైనా ముసలిదైతే పనికిరాదు.

చూడడానికి వెళ్లేది వీలైతే వర్షం కురిసిన మరునాడు పెట్టుకోండి. టార్చిలైటు, మెత్తని గుడ్డలో చుట్టిన అయస్కాంతం, తేమ మీటరు, కింద పడుకోవడానికి ఒక పాత గోనెపట్టా వెంట తీసుకువెళ్లండి. ఉక్కు రేకు మీద అయస్కాంతం అంటుకోని చోట రంగు కింద లప్పం ఉంది. నేల మీది చాపను ఎత్తి చూపమనండి, అరల వెనుక చేయి పెట్టి తడిమి చూడండి. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే ఇంజను ఎంత మధురంగా నడుస్తున్నా బయానా ఇవ్వకుండా తిరిగి రండి.